మూలనపడిన యంత్రం

ఉద్దేశం

పాతబడిన ప్రతి వస్తువూ పనికిమాలినదని తలచడం పొరపాటు. లోపం ఎక్కడ ఉన్నదో వరుసగా పరీక్షించి తెలుసుకొన్న తరువాతనే ఒక వస్తువును ఉంచుకోవాలో, విడిచిపెట్టాలో నిర్ణయించాలి. ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరులోని పోర్టులనూ, తెరమీది చిత్రాన్నీ తిరిగి పనిచేయించే విధానాన్ని వివరిస్తూ, అటువంటి పరీక్షాదృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఒక జూనియర్ కళాశాల గ్రంథాలయంలో, కిటికీ పక్క మూలలో, దుమ్ముపట్టిన గుడ్డ కింద ఒక కంప్యూటరు ఉన్నదనుకోవచ్చు. అది 2002 చివరలో కొన్న పెంటియమ్ 4 యంత్రం. దానితోపాటు 17 అంగుళాల గాజు మానిటరు, ఒక డాట్ మాట్రిక్స్ ప్రింటరు ఉన్నాయి. వైరస్ సోకిందన్న కారణంతో ఎవరో ఒకనాడు అందులోని విండోస్‌ను తుడిచివేసి, బీరువాలో ఉన్న తొలినాటి సీడీతో విండోస్ ఎక్స్‌పీని తిరిగి ఎక్కించారు. నాటినుండి దాని తీరే మారిపోయింది. తెరమీద అక్షరాలు గుమ్మడికాయలంత కనిపిస్తున్నాయి. రంగులు వెలసిపోయాయి. పెన్‌డ్రైవ్ పెడితే నత్తనడక నడుస్తున్నది. ప్రింటరు ఉలకదు, పలకదు. “దీని కాలం చెల్లింది” అని అందరూ తీర్మానించారు. పాత సామాను కొనేవాడికి తూకానికి వేయడమే మిగిలింది.

అయితే ఆ యంత్రంలోని రెండవ విభాగంలో, తుడిచివేతకు గురికాని చోట, ఒక సంపద ఉన్నది. పూర్వవిద్యార్థులు చుట్టుపక్కల పల్లెలు తిరిగి సేకరించిన నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, జోలపాటలు అక్కడ ఉన్నాయి. కొన్ని పాటలకు పాడిన వారి గొంతులే నమోదై ఉన్నాయి. ఆ గొంతులలో కొన్ని నేడు మరి వినిపించవు. ఆ సేకరణకు వేరొక ప్రతి ఎక్కడా లేదు. కనుక యంత్రాన్ని తూకానికి వేయడమంటే ఆ పాటలను కూడ తూకానికి వేయడమే.

ఇటువంటి సందర్భంలో వివేకవంతుడు మొట్టమొదట చేయవలసిన పని మరమ్మతు కాదు, ప్రతి తీయడం. నత్తనడకైనా సరే, పెన్‌డ్రైవ్ నడుస్తున్నది గదా! ఉన్నదున్నట్లుగా ఆ సేకరణనంతా అందులోనికి ఎక్కించి భద్రపరచాలి. ఆ తరువాతనే యంత్రంమీద చేయి వేయాలి. చికిత్సకు ముందు ప్రాణరక్షణ ముఖ్యం.

ప్రతి తీసినంత మాత్రాన పని పూర్తికాదు. ఆ పాటలు టైపు చేసిన కాలంలో మన కళాశాలల్లో, ముద్రణాలయాల్లో యూనికోడ్ వాడకం ఇంకా వ్యాపించలేదు. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఆనాటి చాలా ఖతులు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలోనే తెలుగు గుణింతాలనూ, ఒత్తులనూ అమర్చుకొనేవి. అందువల్ల ఆ పాఠాన్ని ఆ ఖతి లేని కొత్త కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తుల వరుస కనిపిస్తుంది. ఆ ఖతి, దానిని నడిపే సాఫ్ట్‌వేరు, వాటిని ఎరిగిన యంత్రం ఒక్కచోట ఉంటే పాటలు చదవడానికి వీలైన రూపంలో తెరమీదికీ, కాగితంమీదికీ వస్తాయి. పాత యంత్రాన్ని లేవనెత్తవలసిన అవసరం ఇందుకు ఏర్పడింది.

బలం ఉన్నది, పరిచయం లేదు

రామాయణంలో సముద్రతీరాన వానరులందరూ తమతమ బలాలు చెప్పుకొంటుండగా హనుమంతుడు మౌనంగా కూర్చొని ఉంటాడు. శతయోజన సముద్రాన్ని దాటగల శక్తి అతనిలో లేకపోలేదు. జాంబవంతుడు గుర్తుచేసేవరకు అది వెలికిరాలేదు. మూలనున్న కంప్యూటరు స్థితి కూడ అటువంటిదే. దాని చిప్పులలో శక్తి ఉన్నది. దానిని గుర్తుచేసేవాడే లేడు.

కంప్యూటరు పరిభాషలో ఈ జాంబవంతుని పేరు డ్రైవర్. ఇది ఒక చిన్న సాఫ్ట్‌వేరు. విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థకు తెలిసినది ఒక భాష. గ్రాఫిక్స్ చిప్పుకు తెలిసినది మరొక భాష. కంపెనీ పాలనాకాలపు మద్రాసులో దొరలకూ, వర్తకులకూ మధ్య దుబాసి నిలిచినట్లుగా, ఈ రెండింటి మధ్య డ్రైవర్ నిలుస్తుంది. దుబాసి రాని రోజున దొర బలహీనుడూ కాడు, వర్తకుడు దరిద్రుడూ కాడు. బేరం మాత్రం సాగదు.

దుబాసి ఎందుకు రాలేదన్నది తరువాతి ప్రశ్న. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరులో వెలువడింది. ఈ యంత్రంలోని ఇంటెల్ 845జి చిప్‌సెట్ 2002లో వచ్చింది. 2001లో అచ్చయిన జాబితాలో 2002లో పుట్టిన బిడ్డ పేరు ఉండదు. తొలినాటి సీడీతో విండోస్‌ను ఎక్కించినప్పుడు అది తనకు తెలియని ఆ పరికరాలను గుర్తించలేక, ప్రతిదాని పక్కనా ఒక పసుపుపచ్చని గుర్తు పెట్టి ఊరకున్నది. చూసినవారు ఆ గుర్తును రోగలక్షణంగా భావించారు. నిజానికి అది “ఇతడెవరో నాకు తెలియదు” అన్న ఒప్పుకోలు మాత్రమే.

ద్వారాలు

కంప్యూటరు వెనుకభాగంలో కనిపించే రంధ్రాల వరుసకు పోర్టులని పేరు. ఇవి లోపలి ప్రపంచానికీ వెలుపలి ప్రపంచానికీ మధ్యగల ద్వారాలు. ఊదారంగు గుండ్రని ద్వారం కీబోర్డుకు, ఆకుపచ్చనిది మౌస్‌కు చెందినవి. 1987లో ఐబీఎం తెచ్చిన పీఎస్/2 కంప్యూటర్లనుండి వీటికి ఆ పేరే వచ్చింది. తొమ్మిది సూదుల సీరియల్ పోర్టు సమాచారాన్ని ఒక్కొక్క బిట్టుగా, ఒకరివెనుక ఒకరు నడిచినట్లు పంపుతుంది. ఇరవై ఐదు రంధ్రాల పారలల్ పోర్టు ఎనిమిది బిట్లను ఎనిమిది తీగలమీద ఒక్కసారిగా, ఎనిమిదిమంది భుజం భుజం కలిపి నడిచినట్లు పంపుతుంది. డాట్ మాట్రిక్స్ ప్రింటరు ఉండేది ఈ ద్వారం దగ్గరనే.

ఈ పాత ద్వారాలు పలకనప్పుడు మొదట చూడవలసినది విండోస్ కాదు, బయోస్. యంత్రం మేలుకోగానే అన్నిటికంటే ముందు నడిచే కార్యక్రమం బయోస్. దాని అమరికలను మదర్‌బోర్డుమీద గల చిన్న బ్యాటరీ కాపాడుతుంది. సీఆర్ 2032 అనే ఆ నాణెమంత బ్యాటరీ 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3 వోల్టుల శక్తి కలది. ఏళ్ల తరబడి వాడని యంత్రంలో అది క్షీణించి ఉంటుంది. అప్పుడు గడియారం పాత తేదీకి వెళ్లిపోతుంది. దిద్దుకొన్న అమరికలు చెరిగిపోతాయి. ముందుగా కొత్త బ్యాటరీ వేయాలి. తరువాత బయోస్ తెరలోనికి వెళ్లి, సీరియల్, పారలల్ పోర్టులు మూసి ఉన్నాయో తెరిచి ఉన్నాయో చూడాలి. పారలల్ పోర్టుకు సాధారణంగా 378 అనే చిరునామా, 7 అనే అంతరాయ సంఖ్య ఉంటాయి. మరొక కార్డు ఆ సంఖ్యనే ఆక్రమించి ఉంటే ఇద్దరికీ ఒకే ఇంటి సంఖ్య ఇచ్చినట్లై, ఉత్తరం ఎవరికి చేరాలో తెలియని స్థితి ఏర్పడుతుంది.

ఒక హెచ్చరిక ఇక్కడ అవసరం. పీఎస్/2 కీబోర్డునూ, పారలల్ పోర్టు ప్రింటరునూ యంత్రం నడుస్తుండగా తగిలించడం, ఊడదీయడం తగదు. ముందు విద్యుత్తు ఆపివేయాలి. నడుస్తుండగా తగిలించినా హాని కలగకుండా రూపొందినది యూఎస్‌బీ ద్వారం.

యూఎస్‌బీ విషయంలో మన యంత్రం కథ మరింత ఆసక్తికరమైనది. యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996లో వచ్చింది. దాని గరిష్ఠవేగం సెకనుకు 12 మెగాబిట్లు. 2000 ఏప్రిల్‌లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం 480 మెగాబిట్లు, అనగా నలభై రెట్లు. 845జి యంత్రాలలో వెనుక, ముందు కలిపి ఆరు యూఎస్‌బీ ద్వారాలకు ఏర్పాటు ఉన్నది. వాటిని నడపడానికి లోపల మూడు పాతరకం నియంత్రకాలు, ఒక కొత్తరకం నియంత్రకం ఉంటాయి. కొత్తదానికి డ్రైవర్ లేకపోతే ద్వారాలు మూసుకుపోవు. అవి పాత నియంత్రకాల చేతికి పోతాయి. పెన్‌డ్రైవ్ పనిచేస్తూనే నత్తనడక నడవడానికి కారణం ఇదే.

ఈ తేడాను ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. పాటల ధ్వనిముద్రణలు 600 మెగాబైట్లు ఉన్నాయనుకొంటే, బిట్లలో అవి 4,800 మెగాబిట్లు. సెకనుకు 12 చొప్పున 400 సెకన్లు, 480 చొప్పున 10 సెకన్లు పడుతుంది. ఆచరణలో రెండూ ఇంతకంటె ఎక్కువ కాలమే తీసుకొంటాయి గాని, అంతరం మాత్రం స్పష్టం. 2002 సెప్టెంబరులో వచ్చిన ఎక్స్‌పీ మొదటి సర్వీస్ ప్యాక్ యూఎస్‌బీ 2.0కు కావలసిన మద్దతును చేర్చింది. ఆ ప్యాక్‌ను గాని, దాని తరువాతివాటిని గాని ఎక్కించగానే పసుపుపచ్చని గుర్తులలో ఒకటి మాయమవుతుంది.

తెర

ఇక తెర సంగతి. గ్రాఫిక్స్ డ్రైవర్ లేనప్పుడు కూడ తెరమీద ఏదో ఒక చిత్రం కనిపిస్తున్నది గదా, అది ఎలా సాధ్యమైనదన్న సందేహం కలగవచ్చు. 1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన వీజీఏ పద్ధతి కాలక్రమాన గ్రాఫిక్స్ చిప్పులన్నిటికీ ఉమ్మడి భాషగా మారింది. పైచదువులు ఏవి చదివినా చిన్ననాటి ఓనమాలు మరవనట్లు, ఆ కాలపు చిప్పులన్నీ వీజీఏను ఎరుగును. దుబాసి లేనప్పుడు విండోస్ ఈ ఓనమాలతోనే పని గడుపుకొంటుంది.

ఓనమాలతో మహాకావ్యం చెప్పడం కుదరదు. వీజీఏ తెరమీద అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలు మాత్రమే ఉంటాయి. మొత్తం 3,07,200 చుక్కలు, 16 రంగులు. ఈ చిత్రానికి కావలసిన జ్ఞాపకశక్తి 1,53,600 బైట్లు. 1024×768 చుక్కల తెరలో 7,86,432 చుక్కలుంటాయి. ఒక్కొక్క చుక్కకు 32 బిట్ల చొప్పున కేటాయిస్తే సరిగా 3 మెగాబైట్లు కావాలి. మన యంత్రంలోని గ్రాఫిక్స్ చిప్పు మదర్‌బోర్డులోనే అంతర్భాగం కనుక, తనకు కావలసిన జ్ఞాపకశక్తిని ప్రధాన జ్ఞాపకశక్తినుండి అరువు తెచ్చుకొంటుంది. ఎంత ఇవ్వాలన్నది బయోస్‌లో నిర్ణయించవచ్చు.

తెలుగు చదివేవారికి చుక్కల సంఖ్య అలంకారం కాదు, అవసరం. ఇంగ్లీషు అక్షరం ఒక వరుసలో ఒదిగిపోతుంది. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తులు కావాలి. “స్త్రీ” అన్న ఒక్క అక్షరంలో ఎన్ని రేఖలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయో గమనిస్తే ఈ విషయం బోధపడుతుంది. చుక్కలు తక్కువైతే ఒత్తులు ఒకదానితో ఒకటి కలిసిపోయి, ‘ప’ ఏదో ‘వ’ ఏదో తెలియదు.

తెరను బాగుచేయడానికి ముందు ఏ చిప్పు ఉన్నదో కచ్చితంగా తెలియాలి. పేరును ఊహించి డ్రైవర్ ఎక్కించడం, రోగి ముఖం చూసి మందు ఇవ్వడం వంటిది. పీసీఐ పద్ధతిలో అమరిన ప్రతి పరికరమూ తనలో రెండు సంఖ్యలు దాచుకొని ఉంటుంది. ఒకటి తయారీదారుని సంఖ్య, మరొకటి పరికరం సంఖ్య. మొదటిది ఇంటిపేరు వంటిది, రెండవది పెట్టినపేరు వంటిది. ఇంటెల్ ఇంటిపేరు 8086. ఆ సంస్థ 1978లో చేసిన ప్రసిద్ధ ప్రాసెసర్ పేరు కూడ అదే కావడం చమత్కారం. 845జి గ్రాఫిక్స్ పెట్టినపేరు 2562. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో, లినక్స్‌లోని ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశంతో ఈ సంఖ్యలను చూడవచ్చు. యంత్రంమీది బొమ్మలు చెరిగిపోయినా, పెట్టె పోయినా, రసీదు లేకపోయినా ఈ రెండు సంఖ్యలు అబద్ధమాడవు.

డ్రైవర్లను ఎక్కించడంలో వరుస పాటించాలి. మొదట సర్వీస్ ప్యాక్, తరువాత చిప్‌సెట్, ఆ తరువాత గ్రాఫిక్స్, ధ్వని, నెట్‌వర్క్. పునాది వేయకుండ పైకప్పు వేయడం కుదరదు గదా! చివరకు 1024×768 చుక్కలను ఎంచుకొని, గాజు మానిటరు తట్టుకొనగలిగితే తెర సెకనుకు 85 సార్లు మారేలా అమర్చాలి. 60 సార్లు మాత్రమే మారితే తెర అదిరినట్లు కనిపించి కళ్లు అలసిపోతాయి.

ఒక్కొక్కప్పుడు తెర పూర్తిగా నల్లగా ఉండిపోతుంది. యంత్రంలో విడిగా ఏజీపీ గ్రాఫిక్స్ కార్డు కూడ ఉంటే, చిత్రం ఆ కార్డునుండి వస్తుంది. మానిటరు తీగ మదర్‌బోర్డు ద్వారానికే తగిలించి ఉంటే ఎదురుచూపే మిగులుతుంది. తీగను రెండవ ద్వారానికి మార్చడంతోనే తీరే సమస్యకు, యంత్రం చచ్చిందని తీర్పు చెప్పడం అన్యాయం. మరికొన్నిసార్లు జ్ఞాపకశక్తి పలకల బంగారుపూత అంచులు మసకబారి యంత్రం బీప్ ధ్వనులు చేస్తూ ఆగిపోతుంది. విద్యుత్తు తీగను పూర్తిగా ఊడదీసి, ఇనుప పెట్టెను తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును వదిలించుకొని, పలకను తీసి రబ్బరుతో మెల్లగా తుడిచి తిరిగి అమర్చడం మరమ్మతు దుకాణాలలో నిత్యం చూసే పద్ధతి.

పరిమితులు

అన్ని రోగాలకూ డ్రైవర్ ఔషధం కాదు. 2000 ప్రాంతంలో తయారైన అనేక మదర్‌బోర్డులలో నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి, కారిపోయాయి. అటువంటి బోర్డుకు సాఫ్ట్‌వేరుతో ప్రయోజనం లేదు. విద్యుత్తును అందించే పెట్టెను విద్యార్థులు ఎన్నడూ విప్పరాదు. తీగ ఊడదీసిన తరువాత కూడ అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

మరొక పరిమితి కాలం విధించినది. విండోస్ ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్‌తో నిలిచిపోయాయి. కనుక దానితో నడిచే యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపరాదు. కావలసిన డ్రైవర్లను మరొక కంప్యూటరులో సంపాదించి, వైరస్ లేదని పరీక్షించి, సీడీ ద్వారానో పెన్‌డ్రైవ్ ద్వారానో తేవాలి. లినక్స్ ఎక్కించదలచినా కాలాన్ని గమనించాలి. 2023లో వచ్చిన డెబియన్ 12 ఇటువంటి 32 బిట్ల యంత్రాలమీద ఎక్కుతుంది. 2025లో వచ్చిన డెబియన్ 13కు ఆ రకం స్థాపన సౌకర్యం లేదు. పాత యంత్రానికి ఆయువు పోయగలం గాని, అమరత్వం ఇవ్వలేం.

ఫలితం

ఇన్ని మెట్లు ఎక్కిన తరువాత గ్రంథాలయంలోని తెర తేటపడుతుంది. బీరువాలోని సీడీనుండి పాత ఖతి తిరిగి ఎక్కుతుంది. గుర్తుల వరుసల నడుమనుండి నాట్ల పాట పల్లవి తెలుగులో తొంగిచూస్తుంది. పారలల్ పోర్టుకు బయోస్‌లో తలుపు తెరిచి, ప్రింటరు డ్రైవర్ ఎక్కించి ఆజ్ఞ ఇస్తే, సూదులు కరకరమంటూ కాగితంమీద కదులుతాయి. ఆ ప్రింటరుకు తెలుగు అక్షరాలు తెలియవు. ప్రతి అక్షరాన్నీ ఒక బొమ్మగా, చుక్కలుగా మార్చి కంప్యూటరే పంపుతుంది. చిత్రానికీ ద్వారానికీ గల బంధం అక్కడ కంటికి కనిపిస్తుంది. అచ్చయిన ఆ పాటలను చూసి యూనికోడ్‌లో తిరిగి టైపు చేసుకొంటే, ఇకపై అవి ఏ ఒక్క యంత్రంమీదా ఆధారపడవు. పాత కంప్యూటరు చేయగల గొప్ప మేలు అదే. తన అవసరం లేకుండ చేసి అది తప్పుకొంటుంది.

ఆ తరువాత దానిని విడిచిపెట్టవలసివచ్చినా, తూకానికి వేయడం తగదు. గాజు మానిటరులో సీసం ఉంటుంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పోగుచేసింది. అందులో సక్రమంగా సేకరించి శుద్ధిచేసినట్లు నమోదైనది 22.3 శాతం మాత్రమే. మన దేశంలో 2023 ఏప్రిల్ 1నుండి కొత్త ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు అమలులోనికి వచ్చాయి. నమోదైన శుద్ధికేంద్రాలకే వీటిని చేర్చాలి.

పారవేయడానికి ఒక్క నిమిషం చాలు. పరీక్షించడానికి ఓపిక కావాలి. మౌనంగా ఉన్నదానిలో శక్తి లేదని అనుకోవడానికి ముందు, దానితో మాట్లాడగల భాష తనకు తెలుసునా అని ప్రశ్నించుకొనేవాడే నిజమైన విద్యార్థి.

కఠినపదాలు – అర్థాలు

దుబాసి = రెండు భాషలు తెలిసి మధ్యవర్తిగా ఉండేవాడు
ఖతి = అక్షరాల అచ్చురూపం, ఫాంటు
నియంత్రకం = అదుపు చేసి నడిపేది
శతయోజనం = నూరు యోజనాల దూరం
ఒప్పుకోలు = అంగీకారం
అంతర్భాగం = లోపలి భాగం

అభ్యాసం

I. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. చికిత్సకు ముందు ప్రాణరక్షణ ముఖ్యం.
2. బేరం మాత్రం సాగదు.
3. ఈ రెండు సంఖ్యలు అబద్ధమాడవు.
4. తన అవసరం లేకుండ చేసి అది తప్పుకొంటుంది.

II. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. పెన్‌డ్రైవ్ పనిచేస్తూనే నెమ్మదిగా నడవడానికి కారణమేమి?
2. తెలుగు లిపికి తెరమీద ఎక్కువ చుక్కలు ఎందుకు అవసరం?
3. బయోస్ బ్యాటరీ క్షీణిస్తే కలిగే మార్పులేవి?

III. కింది ప్రశ్నకు 20 పంక్తులలో సమాధానం రాయండి.
1. “మౌనంగా ఉన్న యంత్రానికి లోపించినది బలం కాదు, పరిచయం” అన్న భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.